లోపాన్ని ఎక్కడ వెతకాలి?

(ముస్లిం తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో చదువు ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఉపన్యాసం ఒకే దారిలో సాగుతుంది. తొలి వహీ చదవమన్న ఆదేశంతోనే ఆరంభమయిందని గుర్తు చేస్తాము. అటువంటి ఉమ్మత్ చదువులో వెనుకబడిందని విచారిస్తాము. చివరకు నేరమంతా తల్లిదండ్రుల మీద మోపి ఇళ్లకు వెళ్తాము. బయటివారు మనపై వేసే నిందకూ, మనం మనపై వేసుకునే నిందకూ తేడా లేకుండా పోయింది. అటువంటి నిందనే మరొక దేశంలో, మరొక సమాజం విషయంలో పరీక్షకు పెట్టిన ఒక పండితుని కృషిని ఈ రోజు మీ ముందుంచదలచాను.

ఆయన పేరు జాన్ ఓగ్బు. 1939లో నైజీరియాలో జన్మించారు. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ప్రాంగణంలో ఆచార్యులుగా పనిచేసి 2003లో మరణించారు. ఆయన రంగం విద్యా మానవశాస్త్రం. బడి మానేసిన పిల్లలు ఎందరో గణాంకాలు చెబుతాయి. వారు ఎందుకు మానేశారో, ఏ తరగతిలో, ఏ మాట విన్న తరువాత మానేశారో అంకెలు చెప్పవు. అది తెలియాలంటే ఎవరో ఒకరు ఆ వాడలోనే ఉండాలి, తరగతి గదిలో కూర్చోవాలి, తల్లిదండ్రులు చెప్పేది ఓపికగా వినాలి. ఈ శాస్త్రం చేసే పని అదే.

1960ల చివర ఓగ్బు కాలిఫోర్నియాలోని స్టాక్టన్ నగరంలో, నల్లజాతివారు, మెక్సికన్ మూలాలవారు నివసించే ఒక పేదవాడను అధ్యయనానికి ఎంచుకున్నారు. ఈ తల్లిదండ్రులకు చదువు మీద ఆసక్తి లేదన్నది అక్కడి అధికారుల నమ్మకం. ఓగ్బు ఇళ్లకు వెళ్లి అడిగారు. తమ పిల్లలు తమకంటే ఎక్కువ చదవాలని, తమకంటే మంచి బ్రతుకు బ్రతకాలని ఆ తల్లిదండ్రులు కోరుకుంటున్నారు. ఆ తరువాత ఆయన బడి రికార్డులు తెరిచారు. ఈ పిల్లవాడు మెరుగుపడ్డాడని టీచరు వ్రాసిన చోట కూడా గ్రేడు మాత్రం ఏటేటా అదే 'సి'. బాగా చదివినా అంతే, చదవకపోయినా అంతే. శ్రమకు ఫలితం లేదన్న పాఠాన్ని ఆ పిల్లలకు నేర్పింది ఇల్లు కాదు, బడే.

1978లో వెలువడిన గ్రంథంలో ఆయన అమెరికాతో పాటు బ్రిటన్, న్యూజిలాండ్, భారతదేశం, జపాన్, ఇజ్రాయెల్ దేశాలను పోల్చి చూశారు. మన దేశం నుంచి ఆయన తీసుకున్నది దళితుల ఉదాహరణ. జపాన్‌లో అంటరానివారుగా చూడబడిన బురాకు వర్గం పిల్లలు స్వదేశంలో చదువులో వెనుకబడ్డారు. అదే వర్గం నుంచి అమెరికాకు వలస వెళ్లిన కుటుంబాల పిల్లలు మాత్రం ఇతర జపనీయులతో సమానంగా చదివారు. రక్తం అదే, వంశం అదే. మారినది చుట్టూ ఉన్న సమాజం వారిని చూసే చూపు. కనుక లోపం పుట్టుకలో ఉందనే వాదానికి ఇక్కడే సమాధానం ఉంది.

ఓగ్బు మరొక కారణం కూడా చెప్పారు. చదువుకున్నా ఒక హద్దు దాటి పైకి వెళ్లనివ్వని కనిపించని కప్పు ఒకటి ఉద్యోగాల మీద ఉంటుంది. డిగ్రీ పట్టా చేతబట్టుకుని ఖాళీగా తిరిగే అన్నను రోజూ చూసే తమ్ముడికి చదువు మీద నమ్మకం ఎలా కలుగుతుంది?

మన చరిత్ర వేరు. ఓగ్బు సూత్రాలను ఉన్నవున్నట్లు మనకు అన్వయించలేము. అయితే ఆయన వేసిన ప్రశ్న మనదే. 2006లో జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ నివేదిక ఏమి చెప్పింది? 6 నుంచి 14 సంవత్సరాల ముస్లిం పిల్లల్లో నాలుగో వంతు మంది అసలు బడికే వెళ్లలేదు, లేదా మధ్యలో మానేశారు. ముస్లింలు పిల్లలను మదరసాలకే పంపుతారన్న ప్రచారం సంగతి ఏమిటి? బడి ఈడు పిల్లల్లో మదరసాలలో ఉన్నవారు దాదాపు 3 శాతమే. ఆ నివేదిక ప్రకారం అప్పట్లో జనాభాలో 13.4 శాతం ఉన్న ముస్లింలు ఐ.ఏ.ఎస్. అధికారులలో 3 శాతం, ఐ.పి.ఎస్.లో 4 శాతం మాత్రమే ఉండేవారు. ఓగ్బు చెప్పిన కప్పు ఇక్కడ కంటికి కనిపిస్తున్నది.

సోదరులారా, ఇక్కడ ఒక చేదు మాట కూడా చెప్పాలి. చివరి రోజుల్లో ఓగ్బు షేకర్ హైట్స్ అనే సంపన్న శివారు ప్రాంతంలోని నల్లజాతి విద్యార్థులను అధ్యయనం చేశారు. ఆయనను పిలిచింది అక్కడి నల్లజాతి తల్లిదండ్రులే. పిల్లలు తగినంత శ్రమించడం లేదని, తల్లిదండ్రులు బడి వ్యవహారాల్లో తగినంత పాల్గొనడం లేదని ఆయన వ్రాశారు. బాధితులనే దోషులను చేశారని అనేకులు ఆయనను విమర్శించారు. ఆ విమర్శలో బలముంది. అయినా ఆ చర్చ నుంచి మనం గ్రహించవలసినది ఒకటుంది: నేరం వేరు, బాధ్యత వేరు. మన పిల్లలు వెనుకబడడం మన నేరం కాదు. దానిని ప్రశ్నించడం మాత్రం మన బాధ్యతే.

ఆ బాధ్యతకు చట్టం చోటిచ్చింది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులే ఉండాలి. మొత్తం సభ్యులలో సగం మంది స్త్రీలు కావాలి. పిల్లలను కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా అదే చట్టం నిషేధించింది. పేరు చూసి, టోపీ చూసి, హిజాబ్ చూసి తరగతిలో అవమానించడం వేధింపు కాక మరేమిటి? ఇంట్లో ఉర్దూ మాట్లాడే చిన్నారి తెలుగు ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేకపోతే "వీడికి చదువు రాదు" అని ముద్ర వేయడం న్యాయమా? ఈ ప్రశ్నలు కమిటీ సమావేశంలో అడగాలి. మన తల్లులు అక్కడ కూర్చోవాలి.

కార్యకర్తలకు నా విన్నపం ఒక్కటే. ప్రతి మొహల్లాలో ఒక నోటుపుస్తకం పెట్టండి. బడి మానేసిన ప్రతి బిడ్డ ఇంటికి వెళ్లండి. ఉపదేశం చేయకండి, అడగండి. ఏ తరగతిలో మానేశావు? ఆఖరి రోజు బడిలో ఏం జరిగింది? ఇంటి అవసరం పిలిచిందా, బడి తరిమిందా? వారు చెప్పినది చెప్పినట్లు వ్రాయండి. పిల్లల పేర్లు మాత్రం బయటపెట్టకండి. అలాంటి యాభై జవాబులతో ప్రధానోపాధ్యాయుని వద్దకు, ఆపై మండల విద్యాధికారి వద్దకు వెళితే, "మీవాళ్లకు ఆసక్తి లేదు" అని త్రోసిపుచ్చడం ఎవరికీ సులభం కాదు.

మన బిడ్డల మాటను వినే ఓర్పును, విన్నదానిని న్యాయం కోసం నిలబెట్టే ధైర్యాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్. వస్సలాం.