సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒక పూట

హైదరాబాదులో మూసీ ఒడ్డున ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియం గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ సేకరించిన కళాఖండాలతో 1951లో దివాన్ దేవిడీలో ఇది మొదలైంది. 1968లో ఇప్పటి భవనానికి మారింది.

ఇక్కడ ఎక్కువమంది గుమిగూడేది సంగీత గడియారం దగ్గరే. గంటగంటకూ ఓ చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంది. కాస్త ముందుగా వెళ్తే తీరిగ్గా చూడొచ్చు.

తర్వాత ‘ముసుగు రెబెక్కా’ ముందు ఆగండి. ఇటలీ శిల్పి బెంజోనీ పాలరాతిలోనే పలుచని మేలిముసుగునూ, దాని మాటున ముఖాన్నీ చెక్కాడు. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోములో కొన్న శిల్పమిది. జంట శిల్పాన్నీ వదలకండి. ఒకే దుంగలో ముందువైపు మెఫిస్టోఫిలిస్, వెనకవైపు తలవంచిన మార్గరెట్టా ఉంటారు. ఆమెను అద్దంలో చూడాలి.

అన్నీ ఒక్కరోజులో చుట్టేయాలనుకుంటే కాళ్లనొప్పులే మిగులుతాయి. రెండు మూడు గదులు ఎంచుకుని నిదానంగా చూడండి. పిల్లల్ని తొందరపెట్టకండి. వాళ్లకు నచ్చిన వస్తువు దగ్గర నచ్చినంతసేపు నిలబడనివ్వండి. కళ మీద ఇష్టం అలాగే పుడుతుంది. అన్నట్టు, శుక్రవారం మ్యూజియానికి సెలవు. మిగతా రోజుల్లో తప్పక వెళ్లి రండి.