ఏటి కెదురీదు పులస, ఏటి వెంట దిగు పండుగప్ప



మన తూర్పు సముద్రపు మత్స్యములలో పులస, పండుగప్ప యను రెండింటికిని ఉప్పునీరును దెలియును, మంచినీరును దెలియును. కాని యొకదాని త్రోవకు రెండవదాని త్రోవ సరిగా విరుద్ధము. ఆ భేద మెరిగినవారికే వాని సంతతిని కాపాడు మార్గము బోధపడును.

మొదట రూపమును జూతము. పులస వెండివన్నెది. దాని పొట్ట అంచు రంపమువలె గరుకుగా నుండును, తోక చీలియుండును. సాధారణముగా మూరెడు పొడవుండును. మొప్పలలోని సన్నని జల్లెడతో నీటిలోని సూక్ష్మజీవులను వడగట్టుకొని తినును. పండుగప్ప నోరు పెద్దది, తోక గుండ్రనిది, మొప్పల కప్పుపై ముల్లు పదునైనది. అది 200 సెంటీమీటర్ల పొడవు, 60 కిలోల బరువు వరకు పెరుగగలదు. చేపలను, రొయ్యలను మ్రింగి బ్రదుకును. పెద్దచేప చిన్నచేపను మ్రింగుటనే కౌటిల్యుడు అర్థశాస్త్రమున మాత్స్యన్యాయ మనెను. పండుగప్ప ఆ న్యాయమునకు నిదర్శనము. పులస దానికి వెలుపలిది.

ఇక ప్రయాణము. పులస సముద్రమున పెరుగును. అచ్చట దానిని ఇలస యందురు. వానకాలమున గోదావరికి ఎర్రనీరు రాగానే అంతర్వేది, యానాము వైపుల నుండి నదిలో ప్రవేశించి, వరద కెదురీది, మంచినీట గ్రుడ్లు పెట్టును. అప్పుడే దానికి పులస యను పేరు చెల్లును. పిల్లలు నది వెంట దిగి సముద్రమును జేరును. పండుగప్ప యిందుకు మారుగా కాలువలలో, కయ్యలలో, నదులలో పెరిగి, గ్రుడ్లు పెట్టుటకు ఉప్పునీటి మొగకు దిగును. పోటునీరు పిల్లలను మరల లోపలికి జేర్చును. మరియొక వింత గలదు: పండుగప్ప సాధారణముగా మొదట మగదై, కొన్నియేండ్లకు ఆడదిగా మారును. కావున పెద్దవానినెల్ల పట్టివేసినచో తల్లులే తరిగిపోవును.

ఒకటి పుట్టుటకు నది కావలెను. రెండవది పుట్టుటకు కడలి కావలెను. రెండింటికిని నడుమ త్రోవ తెరచియుండవలెను. 1852లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్ట డెల్టాకు అన్నము పెట్టినది. ఆ మేలు మరువరానిది. కాని పులసకు ఎగువత్రోవ నడ్డినదియు అదియే. గంగపై 1975లో ఫరక్కా బ్యారేజి పనిలోనికి వచ్చిన పిదప, పూర్వము అలహాబాదు వరకు పోవుచుండిన ఇలస అచ్చట కరువయ్యెను.

చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి మత్స్యపరిశోధన సంస్థ 1997లో పండుగప్ప పిల్లలను కృత్రిమముగా పుట్టించుటలో కృతకృత్యమయ్యెను. అందుచే చెరువులలో దానిని పెంచుట సాధ్యమైనది. పులసకు అట్టి అండ యింకను విరివిగా దొరకలేదు. దానికి నదియే దిక్కు.

'పుస్తె లమ్మియైన పులస తినవలె' నని లోకోక్తి. దానికై యిల్లు గుల్లచేసికొనువారిని నవ్వుదుము. అయితే గ్రుడ్లతో నిండి ఎదురీదివచ్చు పులసను ఒక్కటియు మిగులక పట్టుట అంతకంటె ఘోరము. పుస్తెలు మరల చేయింపవచ్చును. తెగిన సంతతి తిరిగిరాదు. పంటలో విత్తనపు గింజలను వేరుగా దాచు కుటుంబమే మరుసటి యేట విత్తును. ఏటికిని ఆ విత్తనము నుంచుటయే వివేకము. వరదవేళ కొన్నిదినములు వల నాపినచో, అది చేపపై జూపిన దయ మాత్రమే కాదు. మనుమల పళ్ళెములో నేడే వడ్డించిన కూడు.

స్వస్తి.