చాచిన చేతికి పనిముట్టు

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే చెందుతాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి, శుభాలు వర్షించుగాక!



ఒకసారి అన్సారులలో ఒక వ్యక్తి దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి సహాయం అర్థించాడు. ఇంట్లో ఏమున్నదని వారు అడిగారు. సగం కప్పుకొని సగం పరచుకొనే ఒక దుప్పటి, నీళ్లు తాగే ఒక గిన్నె మాత్రమే ఉన్నాయన్నాడు. వారు వాటిని తెప్పించి, సహచరుల మధ్య వేలం వేసి రెండు దిర్హములకు అమ్మారు. ఒక దిర్హముతో ఇంటివారికి ఆహారం, రెండవదానితో గొడ్డలి కొనమన్నారు. ఆ గొడ్డలికి స్వహస్తాలతో పిడి అమర్చి, కట్టెలు కొట్టి అమ్ముకొమ్మనీ, పదిహేను రోజులు తమకు కనిపించవద్దనీ చెప్పి పంపారు. ఆ వ్యక్తి పది దిర్హములు సంపాదించి తిరిగి వచ్చాడు. 'సుననె అబూ దావూద్'లో నమోదైన సంఘటన ఇది.

ఈ ఉదంతం ముందు మనల్ని మనం నిలబెట్టుకుందాం. ప్రతి రమజానులో మనం బియ్యం, నూనె పంచుతున్నాము. అది పుణ్యకార్యమే. కాని నిరుడు వరుసలో నిలిచిన తల్లే ఈ ఏడూ ఎందుకు నిలిచిందని మనం ఎన్నడైనా అడిగామా? ఆకలి తీర్చే దిర్హమును ఇచ్చాము. గొడ్డలి కొనే దిర్హమును మరచిపోయాము.

నేడు చదువుకున్న యువతీయువకులు కొందరు, లాభంతో పాటు సమాజ హితాన్ని కూడా లక్ష్యంగా పెట్టుకొని వ్యాపారాలు ప్రారంభిస్తున్నారు. దీనిని లోకం సామాజిక వ్యాపారమంటున్నది. మనకిది కొత్త కాదు. మదీనాలో తీపినీటి రూమా బావిని హజ్రత్ ఉస్మాన్ (రజి) తన వర్తక ధనంతో కొని ప్రజల కోసం వక్ఫ్ చేశారు. వ్యాపారం సంపాదించింది, సేవ దాహం తీర్చింది.

దీనికి విరుద్ధమైన దృశ్యాన్ని మన నెల్లూరు తీరమే చూసింది. రొయ్యల చెరువులు ఎందరికో జీవనోపాధినిచ్చాయి. కాని హద్దులు లేని చోట ఉప్పునీరు ఇంకి, పొరుగువారి పొలాలు, బావులు పాడయ్యాయన్న ఆవేదన కూడా వినిపించింది. తీరప్రాంత రొయ్యల సాగుపై 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు కఠినమైన తీర్పు ఇచ్చింది. పొరుగువాని బావిని ఉప్పుగా మార్చే సంపాదనలో శుభం ఎక్కడిది?

మరొక పాఠం కూడా మన జిల్లాదే. 1992లో దూబగుంట మహిళలు అక్షరాలు నేర్చుకుంటూ సారా దుకాణాన్ని మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతటా వ్యాపించి, 1993లో సారా నిషేధానికి దారితీసింది. సారా పాలు కాకుండా మిగిలిన డబ్బులో రోజుకొక రూపాయి చొప్పున దాచుకొనే పొదుపు సంఘాలు ఈ జిల్లాలో విస్తరించాయి. తరువాతి కాలంలో ఆ పేద మహిళల గుమ్మాల్లోకే వారం వారం వడ్డీ వసూళ్లు వచ్చాయి. అప్పుల ఒత్తిడికి తాళలేక ప్రాణాలు తీసుకున్నవారి వార్తలతో రాష్ట్రం కలత చెందింది. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. పేదల మేలు అనే పేరు పెట్టినంత మాత్రాన వడ్డీ విషం అమృతమైపోదు. అల్లాహ్ వర్తకాన్ని ధర్మసమ్మతం చేసి వడ్డీని నిషేధించటంలోని వివేకం ఇదే.

కనుక యువకులారా, మీ ముందు పని ఉన్నది. ఉదయగిరిలో ముస్లిం కుటుంబాల స్త్రీలు తరతరాలుగా చెక్కతో చెంచాలు, గరిటెలు చెక్కుతున్నారు. వారి చేతిలో నైపుణ్యం ఉన్నది. కొనేవారి వద్దకు దారి చూపటం మీ చేతిలోని ఫోనుకు కష్టం కాదు. తీరం వెంట ఎండుచేపలు అమ్ముకొనే తల్లులకు శుభ్రమైన ఆరబెట్టు స్థలం, న్యాయమైన తూకం, సరైన ధర కావాలి. అక్కడ మీ చదువు అక్కరకు రావాలి. లాభం తీసుకోండి, అది హలాల్. కాని లెక్కలు దాచకండి. దివ్య ఖుర్ఆన్‌లోని అతి దీర్ఘమైన ఆయత్ అప్పుల లావాదేవీలను వ్రాసుకోవటం గురించే అవతరించిందని గుర్తుంచుకోండి.

పెద్దలారా, మన బాధ్యత ఇంతకన్నా చిన్నది కాదు. ప్రతి మస్జిదులో ఖర్జె హసన నిధి ఒకటి ఏర్పరచుకుందాం. శక్తి గలవారు ముదారబా పద్ధతిలో పెట్టుబడి పెట్టండి. అందులో లాభాన్ని ముందే కుదుర్చుకున్న నిష్పత్తిలో పంచుకుంటారు. పనివాని నిర్లక్ష్యం లేకుండా నష్టం వస్తే ధన నష్టం పెట్టుబడిదారునిది, శ్రమ నష్టం పనివానిది. కుమారుడు గల్ఫుకు వెళ్లటానికి అప్పు తెచ్చే తండ్రి, అదే కుమారుడు ఊళ్లో నలుగురికి పని కల్పిస్తానంటే నవ్వకుండా వినాలి. ఒక ప్రయత్నం విఫలమైతే అతనిని జుమా తరువాత గుమ్మం వద్ద ఎగతాళి చేయకండి. ప్రవక్త (స) గొడ్డలి తెమ్మని ఊరుకోలేదు. పిడి కూడా తామే అమర్చారు.

ఓ అల్లాహ్! మా యువతకు ధర్మసమ్మతమైన ఉపాధిని, అందులో ఇతరుల ఉపాధిని కూడా ప్రసాదించు. మా సంపాదనను వడ్డీ నుండి, మోసం నుండి కాపాడు. ఇచ్చే చేతులను మాలో అధికం చేయి. ఆమీన్.