సంతకం పెట్టే పెద్దదిక్కు



మొగల్తూరు అనగానే బయటివాళ్ళు కృష్ణంరాజు గారి పేరో చిరంజీవి గారి పేరో చెబుతారు. అది మనకు గర్వమే. నేను మాత్రం, ఈరోజు బి.ఇడి. పట్టాలు అందుకుంటున్న మీకు రేపు ఈ చుట్టుపక్కల బళ్ళలో ఎదురయ్యే కొందరు పిల్లల గురించి చెప్పాలని వచ్చాను. పేరుపాలెం వైపు సముద్రంలో చేపల వేటకెళ్ళి తిరిగిరాని మనిషి కొడుకు ఉంటాడు. తండ్రి పోయి, తల్లి ఇంటిపనికి కువైట్ వెళ్ళిపోతే అమ్మమ్మ దగ్గర పెరిగే ఆడపిల్ల ఉంటుంది. ఆ ముసలామె కళ్ళు సరిగా కనబడకపోయినా లేసు అల్లి, ఆ కూలితోనే నోటుపుస్తకాలు కొంటుంది. ఇలాంటి పిల్లలు అల్లరి చెయ్యరు, ఏదీ అడగరు. అందుకే మన కంట పడరు.

వాళ్ళ కష్టం బయటపడేది కాగితం దగ్గర. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం కావాలి, బ్యాంకు ఖాతా కావాలి, కుల ధ్రువీకరణ పత్రం కావాలి. "రేపు మీ నాన్నని తీసుకురా" అని తరగతి అందరి ముందూ అన్నారనుకోండి, ఆ పిల్లవాడు మర్నాడు రాడు. ఎల్లుండీ రాడు. కొన్నాళ్ళకు ఏ రొయ్యల చెరువు గట్టు మీదో పనిలో కనిపిస్తాడు. చదువు అబ్బక మానేశాడని రిజిస్టరులో రాసుకుంటాం. అది అన్యాయం.

చట్టం ఆ పిల్లల పక్షానే ఉంది. వయసు ధ్రువీకరణ లేదనో, టీసీ రాలేదనో బడిలో చేర్చుకోకుండా ఉండకూడదని 2009 విద్యాహక్కు చట్టం స్పష్టంగా చెప్పింది. తల్లిదండ్రులు లేక బంధువుల పంచన ఉన్న పిల్లలకూ, భర్త పోయిన పేద తల్లుల పిల్లలకూ మిషన్ వాత్సల్య పథకం కింద నెలకు 4,000 రూపాయలు ఇచ్చే ఏర్పాటుంది. కస్తూర్బా బాలికా విద్యాలయాల్లో అనాథ ఆడపిల్లలకు ముందు చోటిస్తారు. ఆపద వేళ పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చెయ్యొచ్చు.  ఇన్ని ఉన్నా, లేసు అల్లే ఆ అమ్మమ్మకు వీటిలో ఒక్కటీ తెలియదు. ఆమెకు తెలిసిన ఆఫీసు బడి ఒక్కటే. ఆమెకు తెలిసిన ఆఫీసరు మీరే.

అలాంటి పిల్లవాడికి ఒక ఉపాధ్యాయుడు అండగా నిలిచిన సంగతి చెబుతాను. టంగుటూరి ప్రకాశం గారికి పదకొండో ఏట తండ్రి పోయాడు. తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని సాకారు. అక్కడి ఉపాధ్యాయుడు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారు రాజమండ్రికి మకాం మారుస్తూ, ఆ కుర్రవాణ్ణి కూడా వెంటబెట్టుకు వెళ్ళి చదివించారు. ఆ కుర్రవాడే తర్వాత అదే రాజమండ్రికి మునిసిపల్ చైర్మన్, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యాడు. ఆ కుర్రవాడు అంతటివాడు కాకపోయినా నాయుడు గారు చేసింది గొప్పపనే అంటాను. వెంట తీసుకెళ్ళిన రోజున ఆయనకు కనబడింది తండ్రి లేని ఒక పిల్లవాడు, అంతే.

నాయుడు గారిలా మీరు పిల్లల్ని వెంట తీసుకెళ్ళక్కర్లేదు. ఒక్కొక్క పిల్లవాడికి బడిలో ఒక్క పెద్దమనిషి ఉన్నాడని తెలియాలి. రెండురోజులు రాకపోతే ఇంటికెళ్ళి అడిగేది ఆయనే, తల్లిదండ్రుల సమావేశంలో ఆ పిల్లవాడి పక్కన కూర్చునేదీ ఆయనే.

హాస్టలు ఉన్న బళ్ళకు వెళ్ళేవాళ్ళు సంక్రాంతి సెలవుల సంగతి మరిచిపోకండి. భోగికి ముందు ట్రంకుపెట్టెలు సర్దుకుని అందరూ గేటు దగ్గరికి పరుగెడతారు. ఒకరిద్దరు మాత్రం బట్టలు ఉతుక్కుంటూ పనున్నట్టు తిరుగుతారు. ఎవరింటికి వెళ్తావని ఆరోజు అడగడం వాళ్ళను కోసినట్టే. సెలవులు ప్రకటించకముందే కనుక్కోండి. పిన్నమ్మో మేనమామో ఉంటే ముందే మాట్లాడి, తీసుకెళ్ళేది నమ్మకమైనవాళ్ళేనా అని చూసుకోండి. ఎవరూ లేకపోతే హాస్టల్లోనే అరిసెలు వండించండి, కొత్తబట్టలు కుట్టించండి. దాతలొచ్చి ఇస్తే ఫొటోల కోసం ఆ పిల్లల్ని వరసలో నిలబెట్టనివ్వకండి.

జూన్‌లో బళ్ళు తెరుస్తారు. మొదటి వారంలోనే మీ తరగతిలో ఇలాంటివాళ్ళు ఎవరున్నారో గుట్టుగా తెలుసుకోండి. దరఖాస్తు రాయడం తెలియకపోతే నా దగ్గరికి రండి. ఆ అమ్మమ్మనూ తీసుకుని భీమవరంలో జిల్లా బాలల సంరక్షణ విభాగం దాకా మీతో పాటు నేనూ వస్తాను.