దరఖాస్తులో దిద్దిన మాట

(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను పుట్టి పెరిగింది ఈ కోయంబత్తూరులోనే. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు. కాబట్టి నా మాటలో తమిళ యాస వినబడితే పెద్దమనసుతో మన్నించాలి. బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా చేరి, గుమాస్తాగానే రిటైరయ్యాను. ఉపన్యాసాలు నాకు అలవాటు లేదు. పద్దులు సరిచూడడం మాత్రం తెలుసు.

అందుకేనేమో, ఈ ఏడు దరఖాస్తులు సరిచూసే పని ట్రస్టువారు నాకు అప్పగించారు. మార్కుల జాబితా, ఆదాయ ధృవపత్రం అన్నీ అయ్యాక చివరి పేజీలో 'అభిరుచులు' అని ఒక గడి ఉంది. చాలామంది దాన్ని ఖాళీగా వదిలేశారు. ఒక దరఖాస్తులో మాత్రం ఏదో రాసి, దానిమీద తెల్లసిరా పూసి, వేరే చేతిరాతతో 'పుస్తక పఠనం' అని రాసి ఉంది. దిద్దుబాటు కనబడితే కాగితాన్ని వెలుతురుకు పట్టి చూడడం బ్యాంకువాళ్ళకు అలవాటు. అలాగే చూశాను. కింద ఉన్న మాట 'పాత రైలింజన్లు'.

ఆ అబ్బాయి పేరు చెప్పను. దిద్దిన పెద్దలను తప్పుపట్టే అర్హత కూడా నాకు లేదు. ఎందుకో చెబుతాను, కాస్త ఓపికగా వినండి.

మన ఊరికి దగ్గరలోనే మెట్టుపాళయం ఉంది. అక్కడినుంచి ఊటీకి కొండరైలు వెళుతుందని మీకందరికీ తెలుసు. 46 కిలోమీటర్ల మీటరుగేజి దారి. సముద్రమట్టానికి 326 మీటర్ల ఎత్తునుంచి 2,203 మీటర్ల ఎత్తుకు ఎక్కుతుంది. ఈ దారి వేయాలని మొదట ప్రతిపాదన వచ్చింది 1854లో. పని మొదలైంది 1891లో. కూనూరు వరకు రైలు నడిచింది 1899లో. ఊటీ చేరింది 1908లో. మా బ్యాంకులో ఒక ఫైలు ఆరు నెలలు ఆగితే గోల చేసేవాళ్ళం. ఈ ఫైలు పట్టాలెక్కడానికే ముప్పై ఏడేళ్ళు పట్టింది. కొండ అంత కష్టమైనది మరి.

ఆ కష్టం ఏమిటంటే, కల్లారు దాటాక కొన్నిచోట్ల ప్రతి 12 అడుగులకు ఒక అడుగు ఎత్తు ఎక్కాలి. నున్నటి ఇనుపపట్టా మీద నున్నటి ఇనుపచక్రం అంత ఏటవాలు ఎక్కలేదు, జారిపోతుంది. అందుకని కల్లారునుంచి కూనూరు వరకు రెండు పట్టాల నడుమ పళ్ళున్న ఇనుపకడ్డీలు వేశారు. ఇంజను కిందనున్న పళ్ళచక్రం ఆ పళ్ళను పట్టుకుని మెట్టు మెట్టుగా ఎక్కుతుంది. పక్కపక్కనే రెండు కడ్డీలుంటాయి. ఒకదాని పన్ను ఉన్నచోట రెండోదాని సందు వచ్చేలా అమర్చారు. అందువల్ల పళ్ళచక్రానికి ఏ క్షణమూ పట్టు తప్పదు. ఇది స్విట్జర్లాండుకు చెందిన రోమన్ ఆప్ట్ అనే ఇంజనీరు కనిపెట్టిన పద్ధతి. ఈ దారిలో నడిచే ఎక్స్ క్లాసు ఇంజన్లు కూడా మొదట ఆ దేశంలోని వింటర్‌తూర్ నుంచే వచ్చాయి. వాటికి నాలుగు సిలిండర్లు. రెండు మామూలు చక్రాలను తిప్పుతాయి. వాటిలో పనిచేసి బయటికి వచ్చిన ఆవిరినే మిగిలిన రెండింటిలోకి పంపి పళ్ళచక్రాలను తిప్పుతారు. ఒకే ఆవిరితో రెండుసార్లు పని చేయించుకోవడమన్నమాట. పొదుపంటే ఇదీ!

కామర్సు చదివిన నాకు ఇవన్నీ ఎవరు చెప్పారనుకుంటున్నారు? మా అబ్బాయి. వాడికి పద్నాలుగేళ్ళప్పుడు.

2002, 2003 ప్రాంతంలో సంగతి. ఆదివారం వస్తే చాలు, బస్సెక్కి మెట్టుపాళయం వెళ్ళిపోయేవాడు. ఒక పొడుగాటి నోటుపుస్తకంలో ఇంజన్ల నంబర్లు, ఏ తేదీన ఏది నడిచింది, ఏది షెడ్డులో ఉంది, అన్నీ రాసుకునేవాడు. పళ్ళచక్రం బొమ్మ వేసి నాకు వివరించేవాడు. నేను సగం విని, 'లెక్కల పరీక్ష ఎప్పుడురా?' అనేవాణ్ణి. పదో తరగతిలో మార్కులు కొంచెం తగ్గాయి. ఒకరోజు వాడు బడికి వెళ్ళినప్పుడు ఆ పుస్తకాన్ని పాత పేపర్ల కట్టలో కలిపి అమ్మేశాను. సాయంత్రం వాడు ఇల్లంతా వెతికాడు. చెప్పాను. వాడు ఏడవలేదు, ఎదురు మాట్లాడలేదు. మళ్ళీ రైళ్ళ ఊసెత్తలేదు. బాగా చదివాడు, మంచి ఉద్యోగంలో ఉన్నాడు. నేను చేసింది మంచిపనేనని చాలా ఏళ్ళు నమ్మాను. 2005లో యునెస్కోవారు ఈ రైలును ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించారని పేపర్లో పెద్దగా వచ్చింది. వాడికి చూపించాను. 'అవును నాన్నా' అన్నాడు, అంతే.

2023లో మా మనవరాలు అడిగిందని అందరం కలిసి ఆ రైలెక్కాం. ఆ రోజు మా పెట్టెలో వేరే దేశం నుంచి వచ్చిన రైలు అభిమానులు నలుగురు ఉన్నారు. అందరూ నా వయసువాళ్ళే. లోయ కనబడినప్పుడు మిగతా ప్రయాణికులు లోయవైపు చూస్తే, వీళ్ళు వెనక్కి తిరిగి ఇంజనువైపు చూస్తున్నారు. ఎక్కేటప్పుడు ఇంజను ముందుండి లాగదు, వెనకనుంచి నెడుతుంది. హిల్‌గ్రోవ్‌లో నీళ్ళు పట్టడానికి రైలు ఆగింది. మిగతావాళ్ళు టీకి, కోతుల ఫోటోలకి వెళ్ళారు. వీళ్ళు ఇంజను పక్కన నిలబడి, ఆవిరి శబ్దం కళ్ళు మూసుకుని వింటున్నారు, మన పెద్దలు కచేరీలో కూర్చున్నట్టు. ఒకాయన చెక్కపెట్టె తలుపు పిడిని చేత్తో తడిమి చూసి మురిసిపోయాడు.

ఆయన సంచీలోంచి ఒక నోటుపుస్తకం తీశాడు. ఎన్నో దేశాల ఆవిరి ఇంజన్ల నంబర్లు, తేదీలు. మా అబ్బాయి అడిగి తీసుకుని, ఒక్కో పేజీ తిప్పుతూ చాలాసేపు చూశాడు. నీలగిరి పేజీ దగ్గర ఆగి, బొగ్గుతో నడిచిన ఇంజన్లను నూనెతో నడిచేలా మార్చడం 2000 దశకం మొదట్లో జరిగిందని ఆయనకు చెప్పాడు. ఆయన ఆత్రంగా అడిగాడు, 'ఏ నంబరు ఇంజను మారి ఏ తేదీన పనిలోకి వచ్చిందో మీకు తెలుసా?' అని. మా అబ్బాయి నావైపు చూడకుండా అన్నాడు, 'ఒకప్పుడు రాసిపెట్టుకున్నాను, ఇప్పుడు లేదు' అని.

సభకు మనవి చేస్తున్నాను. జీవితమంతా లెడ్జరు కాపాడడమే నా ఉద్యోగం. ఒక్క పద్దు కొట్టేయాలన్నా ఆఫీసరు సంతకం కావాలి. అటువంటి నేను ఒక పిల్లవాడు సొంతంగా, తప్పు లేకుండా, తేదీలతో సహా రాసుకున్న లెడ్జరును కిలోల లెక్కన అమ్మేశాను. ఆరోజు ఇంటికి వచ్చాక వాడికి క్షమాపణ చెప్పాను. 'పోనీలే నాన్నా' అన్నాడు. కానీ ఆ పద్దు ఇక సరిపడదు.

తల్లిదండ్రులకు ఇంకొక్క మాట. ఆ పాత ఇంజన్లు ముసలివైపోయినప్పుడు ఏం జరిగిందో తెలుసా? తిరుచ్చి పొన్మలై రైల్వే వర్క్‌షాపులో మనవాళ్ళే కొత్త ఎక్స్ క్లాసు ఇంజన్లు తయారుచేశారు. 2011 నుంచి నూనెతో నడిచేవి వచ్చాయి. 2021లో బొగ్గుతో నడిచేది కూడా తయారయింది. ప్రపంచమంతా ఆవిరిని వదిలేసిన కాలంలో, బాయిలరునుంచి పళ్ళచక్రం దాకా మళ్ళీ చేయడం చిన్న సంగతి కాదు. అందులో ఇంజనీర్ల చదువు ఉంది. ఫిట్టర్ల, వెల్డర్ల, టర్నర్ల చేతిపని కూడా ఉంది. ఇక్కడ కూర్చున్నవారిలో ఐ.టి.ఐ.కి దరఖాస్తు పెట్టిన పిల్లలున్నారు. వారి పెద్దలు ఆ మాటను గొంతు తగ్గించి చెప్పడం గమనించాను. తగ్గించనక్కరలేదు. ఆ కొండమీద రైలు నడుస్తున్నది వాళ్ళవంటివాళ్ళ వల్లనే.

విద్యార్థులకు కూడా చెప్పాలి. అభిరుచి ఉందని చదువు మానుకోమని కాదు. మా అబ్బాయి మార్కులు తగ్గినమాట నిజమే, నేను కోప్పడడంలోనూ న్యాయముంది. వారానికి ఒక పూట అని హద్దు పెట్టి ఉంటే సరిపోయేది. మీకు ఇష్టమైనదేదో, దాన్ని ఊరికే చూసి చప్పట్లు కొట్టకండి. ఎలా పనిచేస్తుందో అడగండి, రాసుకోండి, తేదీ వేయండి. అలా రాసుకోగలిగినవాడికి పాఠం కూడా వస్తుంది.

ఈసారి సెలవుల్లో ఆ రైలెక్కితే ఒకటి గమనించండి. కల్లారు, కూనూరు మధ్య ఇంజను ఎప్పుడూ దిగువవైపే ఉంటుంది. ఎక్కేటప్పుడు వెనకనుంచి నెడుతుంది. దిగేటప్పుడు ముందుండి జారిపోకుండా ఆపుతుంది. ప్రతి పెట్టెకూ ఒక బ్రేకుమ్యాను బయట నిలబడి ఉంటాడు, ఎండైనా వానైనా. అమ్మానాన్నల పని, ఈ ట్రస్టు పని కూడా ఇంచుమించు అలాంటిదే. నెట్టాలి, అవసరమైతే ఆపాలి. అంతేకానీ పట్టాలు పీకేయకూడదు.

ఆ దరఖాస్తు మంజూరైంది. మార్కులనుబట్టే మంజూరైంది, నా సిఫారసు వల్ల కాదు. చెక్కు తీసుకోవడానికి వచ్చినప్పుడు ఆ అబ్బాయికి నేనొక పొడుగాటి నోటుపుస్తకం ఇవ్వబోతున్నాను. వారి పెద్దలు అనుమతించాలని ప్రార్థన.