బంగిల్ అంటే బంగళా కాదు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



తొమ్మిదో తరగతిలో మా ఇంగ్లీషు సారు 'బంగిల్' అనే మాటకు అర్థం అడిగినారు. నేను లేచి "కలెక్టరు ఉండే బంగళా సార్" అన్నాను. క్లాసంతా నవ్వింది. సారు నవ్వలేదు. "చెయ్యి తిరగక పని చెడగొట్టడం రా. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటామే, అది. క్యాచ్ చేతిలోంచి జారితే ఫంబుల్. చేతగాక మ్యాచే పోగొడితే బంగిల్. చేసినోడికి చెడ్డ బుద్ధి ఉండదు, కానీ చేసినోడంటూ ఒకడుంటాడు. వాన బంగిల్ చేయదు, మనిషే చేస్తాడు" అన్నారు.

ఇంజనీరునైనాక ఆ మాటకు మన సీమలోనే ఉదాహరణ దొరికింది. అదే కర్నూలు-కడప కాలువ, మన కేసీ కెనాల్. 1860లలో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి, సాగుకూ పడవలకూ పనికొచ్చేలా ఈ కాలువ తవ్వించింది. ఖర్చు అంచనాలు దాటింది. నల్లరేగడిలో జొన్న, పత్తి వేసే రైతు డబ్బు కట్టి నీళ్లు తీసుకోవడానికి పెద్దగా ముందుకు రాలేదు. చివరికి 1882లో ప్రభుత్వమే కాలువను కొనుక్కుంది. కొలతలు వేసినారు గానీ, ఆ నేలను నమ్ముకున్న మనిషి లెక్క వేయలేదని నాకనిపిస్తుంది.

ఇది చదివి నవ్వుకున్న నేనే, ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పిల్లకాలువకు తూము కట్టించినాను. లెవెల్ ఒకసారి చూసి, రెండోసారి సరిచూడలేదు. తూము అరడుగు ఎత్తులో కూర్చుంది. నీళ్లు వదిలిన రోజు చివరి మడి పెద్దాయన వచ్చి, "సారూ, నీళ్లు కిందుండాయి, తూము పైనుండాది. ఎట్లెక్కుతాయి? కట్టేటప్పుడు నన్నొక మాట అడిగింటే చెప్పేవాణ్ణి గదా" అన్నాడు. ఆ కారు ఆయన మడి ఎండింది.

ఆ రాత్రి రిపోర్టులో "సాంకేతిక కారణాల వల్ల నీరు అందలేదు" అని రాసినాను. అందులో ఎవరి పేరూ లేదు. సారు మాట గుర్తొచ్చింది. ఆ కాగితం చించి, "లెవెల్ సరిచూడకపోవడం నా తప్పు" అని రాసి సంతకం పెట్టినాను. మాటలు పడినాను. తూము మాత్రం మరుసటి కారుకు ముందే దించినారు. ఎండిన పంటకు నేనేమీ చేయలేకపోయినాను. ఆ బాకీ ఇంకా ఉంది.

కంపెనీ చేతిలో చతికిలబడిన కేసీ కాలువ కింద తర్వాత వరి పండింది. చెడిన పనిని దిద్దుకోవచ్చు. దానికి ముందు చెడగొట్టింది ఎవరో ఒప్పుకోవాల.

పిల్లలూ, తప్పు చేసినప్పుడు "అట్లా జరిగిపోయింది" అనకండి. "నేను చేసినాను" అనండి. నాకు ఈ బడి నేర్పింది అదే. సెలవు.