జాక్ జాన్సన్ జీవితం ఎవరు రాశారు? మన పెద్దల జీవితాలు ఎలా రాద్దాం?



మన పెద్దల జీవితాలు మనమే రాసుకోవాలని అనుకున్నప్పటి నుంచి మీలో చాలామంది మమ్మల్ని ఒకే మాట అడుగుతున్నారు. "మన వాళ్ల గురించి కాగితం మీద ఉన్నదంతా పోలీసులు, అధికారులు రాసిందే కదా! దాన్ని పట్టుకుని ఏం రాస్తాం?" అని. న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు కోసం మేము కొంతకాలంగా ఒక బాక్సర్ జీవితాన్ని చదువుతున్నాం. ఆయన మనవాడు కాదు, మన దేశంవాడూ కాదు. కానీ ఆయన గురించి కాగితం మీద ఉన్నదాంట్లో ఎక్కువ భాగం ఆయనంటే గిట్టనివాళ్లు రాసిందే. అందుకే ఆయన్ని ఎంచుకున్నాం.

ఆయన పేరు జాక్ జాన్సన్. 1878 మార్చి 31న అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం, గాల్వెస్టన్ అనే రేవు పట్నంలో పుట్టాడు. అమ్మానాన్నలిద్దరూ ఒకప్పుడు బానిసలు. చిన్నతనంలోనే పనుల్లోకి వెళ్లాడు, తర్వాత రింగ్‌లోకి దిగాడు. 1901లో గాల్వెస్టన్‌లోనే జో చొయిన్‌స్కీ అనే అనుభవజ్ఞుడి చేతిలో ఓడిపోయాడు. టెక్సస్‌లో అప్పుడు బాక్సింగ్ పోటీలు నిషేధం కాబట్టి ఇద్దర్నీ పట్టుకుని జైల్లో పెట్టారు. ఆ మూడు వారాలూ జైల్లోనే చొయిన్‌స్కీ అతనికి మెళకువలు నేర్పాడు. ఓడించినవాడే గురువయ్యాడు.

ఆ రోజుల్లో హెవీవెయిట్ ఛాంపియన్‌షిప్ తెల్లవాళ్ల సొత్తు. నల్లవాళ్లకు వేరే పట్టం ఉండేది. 1903లో జాన్సన్ దాన్ని గెలిచాడు. అసలు పట్టం కోసం టామీ బర్న్స్ వెంట దేశాలు పట్టుకు తిరిగి, చివరికి 1908 డిసెంబర్ 26న ఆస్ట్రేలియాలోని సిడ్నీలో తలపడ్డాడు. బర్న్స్‌కు 30,000 డాలర్లు, జాన్సన్‌కు 5,000. పద్నాలుగో రౌండ్‌లో పోలీసులు కల్పించుకుని పోటీ ఆపేశారు. గెలుపు జాన్సన్‌దే. ప్రపంచ హెవీవెయిట్ పట్టం గెలిచిన మొదటి నల్లజాతి మనిషి ఆయనే.

వెంటనే ఆయన్ని ఓడించే తెల్లవాడి కోసం వెతుకులాట మొదలైంది. రిటైరైపోయిన జిమ్ జెఫ్రీస్‌ను మళ్లీ రింగ్‌లోకి లాక్కొచ్చారు. 1910 జూలై 4న, అమెరికా స్వాతంత్ర్య దినం నాడు, నెవాడా రాష్ట్రంలోని రీనోలో పోటీ జరిగింది. పదిహేనో రౌండ్‌లో జెఫ్రీస్ పని అయిపోయింది. ఆ రాత్రి చాలా పట్నాల్లో నల్లవాళ్ల మీద దాడులు జరిగాయి. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది నల్లవాళ్లే.

రింగ్‌లో ఓడించలేనివాళ్లు తర్వాత కోర్టుకెక్కారు. తెల్ల స్త్రీలతో ఆయన సంబంధాలను పట్టుకుని మాన్ చట్టం కింద కేసు పెట్టారు. 1913లో అందరూ తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ ఆయన్ని దోషి అంది. ఏడాది మీద ఒక రోజు శిక్ష. ఆయన దేశం విడిచిపోయాడు. 1915 ఏప్రిల్ 5న క్యూబాలోని హవానాలో జెస్ విల్లార్డ్ చేతిలో ఇరవై ఆరో రౌండ్‌లో పట్టం పోగొట్టుకున్నాడు. 1920లో తిరిగొచ్చి లొంగిపోయి శిక్ష పూర్తి చేశాడు. 1946 జూన్ 10న కారు ప్రమాదంలో పోయాడు. శిక్ష పడిన 105 ఏళ్లకు, 2018లో, అమెరికా అధ్యక్షుడు ఆయనకు క్షమాభిక్ష ఇచ్చాడు.

ఇది కథ. ఈ కథ మనకు ఎక్కడి నుంచి తెలిసింది? మీరు పట్టుకోవాల్సింది ఇక్కడే.

మొదటి ఆధారం అప్పటి పత్రికలు. వేల పేజీలున్నాయి. కానీ అవి ఏ మాటలు వాడాయో చూడండి. ఎదుటివాడి దెబ్బను కాచుకుంటూ, వాణ్ణి అలసిపోనిచ్చి తర్వాత కొట్టడం జాన్సన్ పద్ధతి. దాన్ని చాలామంది తెల్ల విలేకరులు పిరికితనం అన్నారు. అంతకు ముందు తెల్ల ఛాంపియన్ జిమ్ కార్బెట్ అలాంటి ఆటే ఆడితే తెలివి అన్నారు. ఆట ఒకటే, పేరు మారింది. కాబట్టి పత్రికలో రెండు రకాల సంగతులుంటాయి. ఎన్నో రౌండ్, ఏ ఊరు, ఎంత డబ్బు అన్నవి ఒక రకం. వీటిని నాలుగు పత్రికలు పక్కపక్కన పెట్టి సరిచూసుకోవచ్చు. పిరికివాడు, పొగరుబోతు అన్నవి రెండో రకం. ఇవి ఆ మనిషి గురించి కాదు, రాసినవాడి గురించి చెబుతాయి. రీనో పోటీ తర్వాత లాస్ ఏంజెలెస్ టైమ్స్ సంపాదకీయం నల్లవాళ్లను ఉద్దేశించి తల మరీ ఎగరేయొద్దని హెచ్చరించింది. ఆ ఒక్క గెలుపు అవతలివాళ్లను ఎంత కలవరపెట్టిందో ఆ హెచ్చరికే చెబుతుంది. షికాగో డిఫెండర్ లాంటి నల్లవాళ్ల పత్రికలు కూడా ఉన్నాయి. వాటిని పక్కన పెట్టుకుని చదివితే అదే రోజు ఇంకోలా కనిపిస్తుంది.

రెండో ఆధారం సర్కారు దస్త్రం. జాన్సన్‌ను జైలుకు పంపాలని సర్కారు ఏజెంట్లు ఆయన ఏ రైలెక్కాడో, ఏ హోటల్లో దిగాడో, ఎవరికి ఎంత డబ్బు పంపాడో కూపీ లాగి రాసుకున్నారు. ఆ కాగితాలు, లెవెన్‌వర్త్ జైలు దస్త్రం ఇప్పటికీ అమెరికా జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. 2004లో జాన్సన్ మీద పెద్ద పుస్తకం రాసిన జెఫ్రీ వార్డ్ లాంటివాళ్లకు ఈ కాగితాలు ఎంతో పనికొచ్చాయి. పట్టుకోవడానికి రాసిన దస్త్రమే ఆ మనిషి రోజువారీ బతుకును దాచిపెట్టింది. మీ ప్రశ్నకు మొదటి జవాబు ఇదే. శత్రువు రాసిన కాగితమని పారేయొద్దు. ఎవరు రాశారు, ఎవరికి రాశారు, ఎందుకు రాశారు అని అడుగుతూ చదవండి.

మూడో ఆధారం ఆయన మాట. 1911లో ఒక ఫ్రెంచి పత్రికకు తన కథ చెప్పాడు. 1927లో ఇంగ్లీషులో ఆత్మకథ వేశాడు. సొంత మాట కదా, నిజమే ఉంటుందనుకుంటాం. కానీ జాన్సన్ మంచి కథకుడు, ఉన్నదానికి నాలుగు కలిపి చెప్పేవాడు. హవానాలో కావాలనే ఓడిపోయానన్నాడు. పడిపోయి, ఎండకు కళ్లు కాచుకుంటున్నట్టు చెయ్యి అడ్డం పెట్టుకున్న ఫొటో ఒకటుంది కాబట్టి చాలామంది నమ్మారు. అయితే ఓడిపోవాలనుకున్నవాడు మండుటెండలో ఇరవై ఆరు రౌండ్లు ఎందుకు లాగుతాడు? ఫొటో ఒక్క క్షణాన్నే చూపిస్తుంది. దానికి ముందూ వెనకా ఏం జరిగిందో వేరే వెతకాలి.

నాలుగోది జనం నోటి మాట. మన దగ్గర ఎక్కువగా ఉన్నది ఇదే కాబట్టి బాగా వినండి. జాన్సన్‌ను టైటానిక్ ఓడ ఎక్కనివ్వలేదని నల్లవాళ్లు పాట కట్టి పాడుకున్నారు. ఓడ మునిగింది 1912 ఏప్రిల్‌లో. అప్పుడు ఆయన అమెరికాలోనే ఉన్నాడు. కాబట్టి అది జరగలేదు. అలాగని పాటను కొట్టిపారేస్తామా? అలాంటి తలుపులు నల్లవాళ్ల ముఖం మీద రోజూ మూసుకునేవి. ఆ అవమానం నిజం. జాన్సన్ ఏ రోజు ఎక్కడున్నాడో ఆ పాట చెప్పదు, ఆయన జనం గుండెల్లో ఏముందో చెబుతుంది. పాటను పాటగా రాసుకోవాలి, తేదీని తేదీగా రాసుకోవాలి. ఇప్పుడు సెల్‌ఫోన్లలో తిరిగే మాట ఇంకోటుంది, మంకీ రెంచి కనిపెట్టింది జాన్సనే అని. 1922లో ఆయన ఒక రెంచికి పేటెంటు తీసుకున్న మాట నిజం. మంకీ రెంచి మాత్రం అంతకు చాలా ముందు నుంచే ఉంది. ఉన్న గొప్ప చాలు, లేనిది అంటించక్కర్లేదు.

ఇక అన్నిటికంటే కష్టమైన సంగతి. జాన్సన్ భార్య ఎట్టా డుర్యే ఆయన చేతిలో దెబ్బలు తిని ఆస్పత్రి పాలైంది. 1912 సెప్టెంబరులో ఆమె ప్రాణం తీసుకుంది. తెల్లవాళ్లు తనకు అవకాశం ఇవ్వలేదని ఏళ్ల తరబడి పోరాడినవాడే పట్టం చేతికొచ్చాక శామ్ లాంగ్‌ఫోర్డ్ లాంటి గట్టి నల్ల బాక్సర్లకు అవకాశం ఇవ్వలేదు. ఈ సంగతులు రాస్తే శత్రువు చేతికి కత్తి ఇచ్చినట్టు కాదా అని మా బృందంలోనే వాదన జరిగింది. చివరికి రాయాలనే అనుకున్నాం. ఆయనకు జరిగిన అన్యాయాన్ని అన్యాయం అనడానికి ఆయన మచ్చలేనివాడు కానక్కర్లేదు. పైగా ఎట్టా పేరు తీసేస్తే, మనం కూడా ఒక మనిషిని చరిత్రలోంచి చెరిపేసినట్టే.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడితో మొదలైన మన్యం పోరాటాన్ని తెల్ల సర్కారు కాగితాలు ఫితూరీ అన్నాయి. ఆ పోరాటంలో పట్టుబడి జైలుకు పోయిన గాం మల్లుదొరే 1952లో లోక్‌సభకు గెలిచారు. ఒక కాగితంలో నేరస్తుడు, ఇంకో కాగితంలో గౌరవ సభ్యుడు. మనిషి ఒక్కడే. రెండు కాగితాలూ చదివినవాడికే ఆయన పూర్తిగా కనిపిస్తాడు.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పని ఇలా మొదలుపెట్టండి. మీ ఊళ్లో ఒక్క పెద్దమనిషిని ఎంచుకోండి. నాయకుడే కానక్కర్లేదు. కబడ్డీ ఆడినవారు, వైద్యం చేసినవారు, భూమి కోసం కోర్టు చుట్టూ తిరిగిన అవ్వ, ఎవరైనా సరే. వాళ్ల అనుమతి అడిగి, మన భాషలోనే, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రికార్డు చేయండి. ఏ సంవత్సరం అంటే చెప్పలేకపోవచ్చు. 86 గోదావరి వరదకు ముందా, తర్వాతా అని అడగండి, చెబుతారు. తర్వాత బడి రిజిస్టరు, పట్టా కాగితం, కేసు కాగితం ఉంటే వెతికి పక్కన పెట్టండి. రెండూ కలవకపోతే కంగారు పడొద్దు, రెండూ రాయండి. ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో కింద రాసి పెట్టండి.

జాన్సన్ గురించి కాగితాలు వందేళ్లు ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి, అడిగినవాడికి ఇప్పటికీ దొరుకుతాయి. మన పెద్దల కథల్లో చాలావరకు వాళ్ల నోటి మీదే ఉన్నాయి. వాళ్లు డెబ్బై, ఎనభై ఏళ్లవాళ్లు. వచ్చే పండగకు ఇంటికి వెళ్లినప్పుడు ఫోన్ ఛార్జింగ్ నింపుకుని ఒక పూట వాళ్ల పక్కన కూర్చోండి. మీరు తెచ్చిన మొదటి పది కథలు మన సంఘం తరఫున అచ్చు వేసే బాధ్యత మాది.